మస్టరు పుస్తకం ఎవరి చేతిలో

టీ అంగడి నుంచి ఇనప కుర్చీ ఒకటి అడిగి తెచ్చి వాకిట్లో వేసింది నాగులమ్మ. కొంగుతో దుమ్ము కూడా తుడిచింది.

"కూసోండి కంట్రాక్టరు గారూ," అంది మొగుడితో.

ఏకాంబరం కూర్చోలేదు. కాలేజీ ప్రహరీ వెనకాల ఈ రేకుల ఇంట్లో కాపురం పెట్టిన నాటి నుంచీ వాళ్ళకు కుర్చీ అనేది లేదు. వాకిట్లో కుప్పయ్య, మునెమ్మ, వెంకటరమణ, దేవరాజులు నేల మీద కూర్చుని ఉన్నారు. కాలేజీ గ్రౌండులో గడ్డి కోసి, రోలర్ లాగి, సున్నం గీతలు గీసే మనుషులు. మొన్నటి దాకా ఏకాంబరం వాళ్ళలో ఒకడు. వాళ్ళ పక్కనే గొంతుక్కూర్చుని బీడీ ముట్టించేవాడు. ఇవాళ నేల మీద కూర్చుంటే నాటకం ఆడుతున్నాడంటారు. కుర్చీలో కూర్చుంటే నిజమే కాబోలంటారు. రెండింటికీ జంకి, గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

కుప్పయ్య నాగులమ్మకు వరసకు తమ్ముడు. ఏకాంబరాన్ని నోరారా బావా అని పిలిచేవాడు. ఇవాళ ఆ పిలుపు లేదు, వేరే పిలుపూ లేదు. పుల్ల తీసుకుని నేల గీకుతున్నాడు.

చివరికి మునెమ్మే నోరు తెరిచింది. "రేపు మేం పనికి రావల్నా, వొద్దా?"

"నన్నడిగితే ఎట్ల మునెమ్మా?"

"ఇంకెవుర్ని అడగల్ల? మమ్మల్ని పెట్టుకునింది నువ్వంట గదా."

ఏకాంబరం ఎవరినీ పెట్టుకోలేదు. కానీ కాగితం పెట్టుకున్నాడనే అంటోంది. కాగితం కింద తన వేలిముద్రే ఉంది.

పోయిన నెలాఖరులో ఆఫీసు సూపరింటెండెంటు కృష్ణమూర్తి అతన్ని గదిలోకి పిలిపించి, ఫ్యాను కింద నిలబెట్టి, స్టాంపు కాగితం ఒకటి ముందర పరిచాడు. ఇన్నేళ్ళ నీ కష్టానికి కాలేజీ మర్యాద చేస్తోందన్నాడు. ఇదిగో నీ పేరు, శ్రీ కె. ఏకాంబరం అని వేలు పెట్టి చూపించాడు. పందొమ్మిదేళ్ళుగా రోజుకూలి మనిషి. పర్మనెంటు చేయండని చిత్తూరు లేబరాఫీసులో నాగులమ్మతో కలిపి ఆరుగురూ అర్జీ పెట్టుకుని ఏడాదిన్నర. ఆ అర్జీలో మొదటి పేరు ఏకాంబరానిదే. అలాంటి మనిషికి స్టాంపు కాగితం చూపిస్తే ఏమనుకుంటాడు? పర్మనెంటు ఆర్డరే వచ్చిందనుకున్నాడు. ముద్ర వేశాడు.

వేసి ఊరుకున్నాడా? తనకిచ్చిన నకలు పట్టుకుని అటునుంచి అటే బస్సెక్కి తిరుచానూరు పోయాడు. అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాడు. నాలుగు మూలలా పసుపు రాసి, ప్రసాదం తెచ్చి ఐదుగురికీ పంచాడు. వాళ్ళూ కళ్ళకద్దుకుని తిన్నారు. మూడో రోజున పాత గుమస్తా సారంగపాణి ఆ ఇంగ్లీషు కాగితం చదివేదాకా, తాము తిన్నది దేనికి ప్రసాదమో ఎవరికీ తెలియదు.

గ్రౌండు బాగోగులు ఈ నెల నుంచి శ్రీ కె. ఏకాంబరం కంట్రాక్టుకు ఒప్పుకున్నాడట. కావలసిన కూలీలను ఆయనే పెట్టుకుంటాడట. ఆ కూలీలకూ కాలేజీకీ ఏ సంబంధమూ ఉండదట.

కూలివాడి పేరు ముందర శ్రీ వచ్చి చేరిందంటే వాడి మెడ మీదకు ఏదో వస్తోందని అర్థం. ఇది బడికి పోయి నేర్చుకునే పాఠం కాదు. ఒంటికి తగిలితేనే వస్తుంది. ఏకాంబరానికి తగిలింది గానీ, ఇంకా అర్థం కాలేదు.

*

పొద్దు వాలుతుండగా సారంగపాణి సైకిలు మీద వచ్చాడు. అదే కాలేజీలో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. నొసట నామం, భుజాన గుడ్డ సంచీ. చిత్తూరుకు అర్జీ రాసిపెట్టింది ఆయనే. వాకిట్లో ఖాళీ కుర్చీ చూసి, దాని చుట్టూ ఉన్న మొహాలు చూసి, తను కూడా దానిలో కూర్చోకుండా సైకిలుకే ఆనుకున్నాడు.

చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పాడు. చిత్తూరు నుంచి లేబరాఫీసరు రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాడు. కాగితాలు చూడటానికి కాదు. ఏడుగంటలకు మస్టరు దగ్గర నిలబడి, పేర్లు ఎవరు పిలుస్తున్నారో, ఎవరు పలుకుతున్నారో కళ్ళారా చూసి రాసుకుని పోతాడు. పిలిచేవాడు యజమాని. పలికేవాడు కూలి. కాగితం ఎట్లా పుట్టిందో ఆయనకు తరవాత చెప్పుకోవచ్చు. కంటితో చూసింది మాత్రం రేపే రాసేస్తాడు.

కృష్ణమూర్తికి ఇది ముందే తెలిసినట్టుంది. అందుకే సోమవారం నాడు హాజరు వేసే ఆ పాత మస్టరు పుస్తకమే ఏకాంబరం చేతిలో పెట్టాడు. అంతకు ముందు ఏళ్ళ తరబడి తెల్లారి పేర్లు పిలిచింది ఆయనే. గొడుగు చంకలో పెట్టుకుని, గోలుపోస్టు పక్కన నిలబడి పిలిచేవాడు. ఏకాంబరానికి చదువు రాదు. పేర్లు నోటికే వచ్చు. మూడు రోజులుగా తను పిలుస్తుంటే, టిక్కులు పెట్టింది నాగులమ్మ. రాత్రిబడిలో రెండేళ్ళ కింద అక్షరాలు నేర్చుకుంది ఆమె.

"పలికినారా అందరూ?" అని అడిగాడు సారంగపాణి.

కుప్పయ్య పుల్ల విరిచి పారేసి, "మేం పలికినాం సామీ. అక్క ఒక్కతే పలకలా," అన్నాడు.

సారంగపాణి నాగులమ్మ వంక చూశాడు. ఆమె కుర్చీ వంక చూస్తోంది.

రేపటికి ఆయన ఒక దారి చెప్పాడు. ఎవరూ పుస్తకం ముట్టుకోవద్దు. పిలుపు లేనిదే పని మొదలవదు. పదింటికి జిల్లా కాలేజీల ఆటల పోటీలు. ట్రాకు మీద గీత పడలేదు. వంద గజాల పందెం పరిగెత్తే పిల్లలు చెప్పులు లేకుండా దిగుతారు, మైదానం నిండా పల్లేరుకాయలు ఉన్నాయి. కృష్ణమూర్తికి కాళ్ళు కాలి తనే పుస్తకం తీసుకుంటాడు. తీసుకుని ఒక్క పేరు పిలిచినా చాలు, ఆఫీసరు కళ్ళ ముందర యజమాని ఎవరో తేలిపోతుంది.

"ఒకవేళ నేను పిలిస్తే?" అన్నాడు ఏకాంబరం. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

"పిలిస్తే నీ పందొమ్మిదేళ్ళూ ఆడికాడికి సరి. వీళ్ళవి కూడా. నీ పెండ్లానివి పదకొండు. పిలిచేవాడివైతే నువ్వు పలికేవాడివి కావు ఏకాంబరం. రెండూ ఒక మనిషి చెయ్యలేడు."

అందరూ లేచి పోయారు. పోతూ పోతూ కుప్పయ్య కుర్చీని కాలితో జరిపాడు, దారికి అడ్డమని. అడ్డమేమీ లేదు.

*

నాగులమ్మ పొయ్యి ముట్టించలేదు. గడప మీద కూర్చుని, రేపటి పనికి గోనెసంచులు విప్పి చూస్తోంది. గోనెను తడిపి గ్రౌండు మీద ఈడిస్తే పల్లేరుకాయలన్నీ దానికి అంటుకుని వచ్చేస్తాయి. ఆ ఉపాయం కనిపెట్టింది ఆమే. అంతకు ముందు ఆడవాళ్ళు వంగి ఒక్కొక్కటే ఏరేవాళ్ళు. పిల్లల కాళ్ళు గుచ్చుకుంటే కృష్ణమూర్తి వీళ్ళకు కూలి కోసేవాడు.

ఏకాంబరం గోడ మేకుకు ఉన్న తాడు తీశాడు. ట్రాకు గీయడానికి ముడులు వేసుకున్న తాడు అది. ఏ గీత ఎక్కడ మొదలవ్వాలో ముడులు చెపుతాయి. ఎన్ని ముడులో వేరే ఎవరికీ తెలియదు. ముడి తరవాత ముడి తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. తాడులో ఏ తికమకా లేదు. బయటే అంతా.

"ఎందుకు పలకలా?" అని అడిగాడు కడకు.

ఆమె గోనె విదిలించింది. "ఇంట్లో నన్ను ఏమని పిలస్తావు?"

"ఏమని పిలిసేది. ఇదో అంటా."

"ఇరవై రెండేండ్లు ఇదో అంటివి. నా పేరు నీ నోట్లోకి వొచ్చింది ఆ పుస్తకం నీ చేతికి వొచ్చినాక. నలుగుర్లో నిలబెట్టి నాగులమ్మా అంటివి. పలికింటే నేను నీ పెండ్లాన్ని గాదు, నీ కూలిదాన్ని."

"పేర్లు సెప్పమన్నాడు, సెప్తిని. నాకేం తెలుసు."

"తెలీదు. అదే సెప్తాండా."

తిరుమల కొండ మీద దీపాలు వెలిగాయి. ఏకాంబరం ట్రంకుపెట్టె తెరిచి, పసుపు మూలల కాగితం తీసి, దీపం దగ్గర పెట్టుకుని చూశాడు. ఎంత చూసినా అది నల్లచీమల బారే.

"దీన్ని సించేస్తే?"

"సించు."

"అమ్మోరి పాదాల కాడ పెట్టించిందే."

"పెట్టించినావు. ఆయమ్మకు సదువొచ్చు, సదివే ఉంటాది. నీకు సెప్పేదానికి నువ్వు నిలబడితే గదా. పెసాదం వరసలోకి పరిగెత్తితివి."

నవ్వాలో ఏడవాలో తెలియక ఏకాంబరం కాగితం మళ్ళీ మడిచాడు. చించినా, దాని తోబుట్టువు ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఆ సంగతి సారంగపాణి చెప్పనే చెప్పాడు. మరి చించి లాభమేమిటి? చించకపోతే లాభమేమిటి? అమ్మవారు దీవించింది తనని కూలివాడిగానా, కంట్రాక్టరుగానా? ఎవర్ని అడగాలి?

"ఇంతకీ నేనెవుర్ని?" అన్నాడు.

వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. నాగులమ్మకు ఆ గొంతు తెలుసు.

"అది నాకు తెలిసుంటే పొయ్యి ముట్టిచ్చనా," అంది కొంచెం మెత్తగా. లేచి, సద్దికూడు కుండ తెచ్చి, అతని ముందర పెట్టింది. పెట్టి, వాకిట్లో కుర్చీని మడిచి గోడకు ఆనించింది. టీ అంగడికి ఇచ్చి రాలేదు మాత్రం.

*

ఏడు కొట్టేసరికి ఆరుగురూ గోలుపోస్టు పక్కన వరసగా నిలబడ్డారు. మొదట ఏకాంబరం, చివర నాగులమ్మ. ఇన్నేళ్ళూ అదే వరస. ఏకాంబరం భుజాన తాడు. పక్కన సున్నం బకెట్లు, తడిపిన గోనెలు. సారంగపాణికి కాలేజీలోకి రావద్దని నోటీసు ఉంది కాబట్టి, గ్రౌండు ముళ్ళకంచె అవతల సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

చిత్తూరు ఆఫీసరు సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. అట్ట మీద కాగితం పెట్టుకుని, కలం మూత తీసి, ఎండ తగలని చోటు చూసుకుని నిలబడ్డాడు.

కృష్ణమూర్తి గొడుగుతో వచ్చాడు. మస్టరు పుస్తకం ఏకాంబరం వైపు చాపి, "కానీవయ్యా ఏకాంబరం. పోటీలకు టైమవుతోంది," అన్నాడు.

అయ్యా అన్నాడే గానీ, రా అనలేదు. అది కూడా పసుపు కాగితంలోంచి వచ్చిందే.

ఏకాంబరం చేతులు కట్టుకున్నాడు. కృష్ణమూర్తి మళ్ళీ చాపాడు. చేతులు విడవలేదు. కంచె అవతల సారంగపాణి తల ఊపుతున్నాడు. పుస్తకం గాలిలో అట్లాగే ఉంది.

కృష్ణమూర్తికి కోపం రాలేదు. అదే భయం వేసింది ఏకాంబరానికి. ఆ మనిషి నవ్వి, వరస చివరికి నడిచాడు.

కంట్రాక్టరుకు అక్షరాలు రావు సార్, మొహమాటపడుతున్నాడు, అని ఆఫీసరుకు చెప్పాడు. ఇంటావిడకు వచ్చు, మూడు రోజులుగా లెక్క రాసేది ఆవిడే అన్నాడు. టిక్కులున్న పేజీ తిప్పి చూపించాడు. తరవాత పుస్తకం నాగులమ్మ ముందర పెట్టాడు. "నువ్వు పిలువమ్మా. నీ మొగుడి తరఫున."

వద్దని చెప్పడానికి ఏకాంబరం తల తిప్పాడు. అప్పటికే నాగులమ్మ పుస్తకం అందుకుంది.

కంచె తీగె పట్టుకున్న సారంగపాణి చేయి ముల్లు గుచ్చుకుని వెనక్కు వచ్చింది. కుప్పయ్య నోట్లోనే ఏదో తిట్టుకున్నాడు. ఆఫీసరు కలం కాగితం మీద ఆనింది. ఏకాంబరానికి మాత్రం ఏమీ తెలియలేదు. తన పెండ్లాం వరసలోంచి బయటికి నడిచి, గోలుపోస్టు పక్కన, ఏళ్ళ తరబడి కృష్ణమూర్తి నిలబడిన చోట నిలబడటం కనిపించింది. అంతే. ఆమె తనని కాపాడుతోందా, ముంచుతోందా? పొద్దున సద్ది తాగేటప్పుడు ఒక్క మాట అనలేదే.

ఆమె పుస్తకం తెరిచి వేలు పెట్టింది.

మొదటి పేరు మొగుడిది. ఆ పేరు ఆమె ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అని ఎరగదు. చౌకడిపోలో అడిగినా, ఆసుపత్రి చీటీ రాసేవాడు అడిగినా, కంచిలో ఉండే శివుడి పేరు అని చెప్పి తల వంచుకునేది. వాళ్ళే అర్థం చేసుకుని రాసుకునేవాళ్ళు. మొగుడి పేరు అంటే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ చెప్పింది.

"ఏ," అంది నాగులమ్మ. ఆగింది. "ఏకాం..."

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏకాంబరం."

పెద్దగా అంది. మైదానం చివరిదాకా వినపడేట్టు అంది.

"ఉండాను సార్."

అన్నది ఏకాంబరమే. అనాలని అనలేదు. పందొమ్మిదేళ్ళుగా ఆ చోటి నుంచి ఆ పేరు వినపడితే ఈ చోటి నుంచి ఆ మాట రావడం అలవాటు. నోరు దాని పని అది చేసేసింది. పెండ్లాన్ని సార్ అన్నందుకు దేవరాజులు కిసుక్కుమన్నాడు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు.

"చూశారా సార్," అన్నాడు కృష్ణమూర్తి. "పిలుపూ వాళ్ళింట్లోదే, పలుకూ వాళ్ళింట్లోదే. మధ్యన కాలేజీ ఏది?"

నాగులమ్మ తల ఎత్తలేదు. కుప్పయ్యను పిలిచింది. వాడు అక్క మొహం చూసి, పళ్ళు కొరికి, ఉండానన్నాడు. మునెమ్మ, వెంకటరమణ, దేవరాజులు ఒకరి తరవాత ఒకరు పలికారు. ఒక్కొక్క పేరుకూ ఆమె టిక్కు పెట్టింది. ఒక్కొక్క టిక్కుకూ కృష్ణమూర్తి మొహం విచ్చుకుంది.

ఐదో పేరు అయ్యాక వేలు కిందికి జరిగింది. అక్కడ ఆగింది.

పుస్తకం మూయకుండానే, తెరిచిన పేజీ మీదే వేలు ఉంచి, ఆమె గోలుపోస్టు దగ్గర నుంచి కదిలింది. వరస చివరికి, తన చోటికి వచ్చి నిలబడింది. అక్కడి నుంచి పుస్తకం కృష్ణమూర్తి వైపు చాపింది.

"ఒక పేరు మిగిలింది సామీ. నా పేరు నేను పిలుసుకుంటే బాగుండదు. పదకొండేండ్లు మీరే పిలిచినారు. పిలవండి."

కృష్ణమూర్తి పుస్తకం వంక చూశాడు. చేయి ముందుకు వచ్చి, సగంలో ఆగి, వెనక్కు పోయింది. అవసరం లేదు, వచ్చావు కదా, టిక్కు పెట్టుకో అన్నాడు.

"పిలవందే టిక్కు పెట్టేది లేదని మీరే అంటిరి. పోయినేడు జరమొచ్చి వరస ఎనక కూలబడితే, పలకలేదని నాకు ఆ దినం సున్నా సుట్టింది మీరే."

ఆఫీసరు మొదటిసారి కలం ఆపి తల ఎత్తాడు. "అవునా?" అని అడిగాడు. ఎవరిని అడిగాడో తెలియలేదు.

కృష్ణమూర్తి గొంతు సవరించుకుని ఏకాంబరం వైపు తిరిగాడు. ఇప్పుడా గొంతులో బెల్లం ఉంది. "దీనికింత రాద్ధాంతం ఎందుకు? నీ పెండ్లామే కదా. నువ్వు పిలువు ఏకాంబరం. ఒక్క పేరు."

అందరి కళ్ళూ అతని మీదకు వచ్చాయి. పిలవడం ఎంత పని. మూడు రోజులుగా పిలుస్తున్నదే. పిలిస్తే ఆమె పలుకుతుందా? పలికితే మంచిదా, పలకకపోతే మంచిదా? రాత్రి ఆమె అన్న మాటా, సారంగపాణి చెప్పిన మాటా, అమ్మవారి పసుపూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏదీ అందలేదు. చేతికి తగిలింది ఒక్క తాడు ముడి. దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను పలికేసినాను సార్," అన్నాడు.

అదొక్కటే అతనికి నిజంగా తెలిసిన సంగతి. అందుకే అదే చెప్పాడు. అది చాలునో చాలదో తెలియదు.

ఎండ గోలుపోస్టు మీదకు ఎక్కింది. గేటు దగ్గర ఆటల పిల్లల బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది. గీయని ట్రాకు మీద, ఏరని పల్లేరుకాయల మీద ఆరుగురి నీడలు ఒకే వరసలో పడి ఉన్నాయి. నాగులమ్మ చేయి చాపే ఉంది.

కృష్ణమూర్తి గొడుగును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఖాళీ అయిన చేయి, అందుకోవడానికో, తోసేయడానికో, పుస్తకం మీదకు వచ్చింది.